నాటు కోడిపిల్లల పారుడు: పీసీఆర్‌లో కనబడిన వైరసే అసలు కారణమా?

పెరటి గంప:

సభ్యులందరికీ నమస్కారం. నేను నాటు కోళ్లను ఇంక్యుబేటరు లేకుండా, పెట్టల చేతనే పొదిగించి పెంచుతున్నాను. ఈ విడత పిల్లలలో రెండో వారం దాటుతుండగా పలచని పసుపు రెట్ట మొదలైంది. ద్వారం చుట్టూ నూగు అంటుకుపోయి గట్టిపడుతోంది, తిన్న గింజ సగం అరగకుండా అలాగే బయటికి వస్తోంది, ఒకే పెట్ట కింద పొదిగిన పిల్లలలోనే కొన్ని తోటివాటిలో సగం కూడా ఎదగలేదు. రెట్టలో నెత్తురు లేదు, మెడ మెలి తిరగడం గాని కాళ్లు చచ్చుబడటం గాని లేదు, చనిపోయినవీ తక్కువే. పెద్ద కోళ్లన్నీ చలాకీగా ఉన్నాయి.

వైద్యుని సలహాపై జబ్బుపడిన కొన్ని పిల్లల నుండి స్వాబ్‌లు తీసి, అన్నింటినీ ఒకే గొట్టంలో కలిపి పీసీఆర్ (వైరస్ జన్యు పదార్థాన్ని పదే పదే రెట్టింపు చేసి వెదికే) పరీక్షకు పంపాము. నివేదికలో ఆస్ట్రోవైరస్ పాజిటివ్, పార్వోవైరస్ పాజిటివ్, రియోవైరస్ నెగటివ్, ఎ-వర్గం రోటావైరస్ నెగటివ్ అని వచ్చింది. న్యూకాజిల్ వైరస్ ఎదురుగా మాత్రం "పాజిటివ్, సీటీ 34" అని రాసి, వివరణ ఏదీ ఇవ్వలేదు. అంతకు ముందు వారమే ఈ పిల్లలకు న్యూకాజిల్‌కు ఇచ్చే లసోటా టీకాను కంటి చుక్కలుగా వేసి ఉన్నాము. ఈ మూడింటిలో పారుడుకు కారణం ఏదని అర్థం చేసుకోవాలి? మళ్లీ నమూనాలు పంపవలసి వస్తే ఏమి పంపాలి?

పక్షివైద్యం:

పెరటి గంప గారూ, ముందుగా న్యూకాజిల్, అంటే మనం కొక్కెర తెగులు అనే దాని సంగతి తేల్చుకుందాము. మిగిలిన వైరస్‌ల గురించి తీరికగా మాట్లాడుకోవచ్చు గాని ఇది ఆగేది కాదు. కొక్కెర తెగులు వైరస్‌లో పేగును దెబ్బతీసే తీవ్రమైన రకం సోకితే గ్రంథి జఠరం (జీర్ణరసాలు ఊరే ముందు పొట్ట) లోపలి పొర మీద నెత్తుటి చుక్కలు, పేగు గోడలో అక్కడక్కడా నెత్తురు కమ్మిన మచ్చలు, అంధనాళాల (పేగు చివర ఉండే రెండు గుడ్డి సంచుల) మొదట్లో ఉండే టాన్సిళ్లలో పుండ్లు కనబడతాయి. మరణాలు కూడా మీరు చెప్పినట్లు తక్కువగా ఉండవు. టీకా లేని గుంపులో వయసుతో నిమిత్తం లేకుండా పెద్దవీ చిన్నవీ రాలిపోతాయి. మీరు వర్ణించిన లక్షణాలలో ఇవేవీ లేవు.

ఇక సీటీ అంటే వైరస్ కనబడేలోపు పీసీఆర్ ఎన్నిసార్లు రెట్టింపు చేయవలసి వచ్చిందన్న లెక్క; 34 అంటే చాలా తక్కువ మోతాదులో దొరికిందని అర్థం. లసోటా బతికి ఉన్న వైరస్‌తో చేసిన టీకా కనుక, వేసిన తరువాత వారం రెండు వారాల వరకు ఆ టీకా వైరసే రెట్టలో కనబడవచ్చు. మామూలు పీసీఆర్ వైరస్ ఉన్నదా లేదా అని మాత్రమే చెబుతుంది, అది టీకాదా బయటిదా అని విడమరచదు. ఆ తేడా తెలియాలంటే ఎఫ్ జన్యువులో ప్రోటీన్ తెగే చోటును సీక్వెన్స్ చేయించాలి, అంటే జన్యు అక్షరాల వరుసను చదివించాలి. 117వ స్థానంలో ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లం ఉండి, దాని ముందున్న 113 నుండి 116 వరకు స్థానాలలో కనీసం మూడు ఆర్జినిన్ లేదా లైసిన్‌లు ఉంటే అది తీవ్రమైన రకం. లసోటా వంటి సౌమ్య రకాలలో 117వ స్థానంలో ల్యూసిన్ ఉంటుంది. సీటీ 34 దగ్గర సీక్వెన్సింగ్ సరిగా రాకపోవచ్చు కనుక, కొత్తగా జబ్బుపడిన పిల్లల నుండి తాజా నమూనాతో అడగండి. తీవ్రమైన రకమని తేలితే అది ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధి, అప్పుడు ఈ చర్చ దారే మారిపోతుంది.

ఇంకొక మాట. వైరస్‌ల కోసం వెదకడానికి ముందు రక్తపారుడు, తెల్లపారుడు, ఏలికపాములు లేవని చూశారా? నేల మీద తిరిగే పిల్లలలో ఐమీరియా జాతులు (రక్తపారుడు తెచ్చే పరాన్నజీవులు) లేని గుంపు అరుదు. నెత్తురు లేదన్నంత మాత్రాన ఐమీరియా లేదనుకోరాదు. అంధనాళాలలో పెరిగే టెనెల్లా నెత్తురు చూపుతుంది గాని, పేగు మొదటి భాగంలో పెరిగే అసెర్వులినా కేవలం పలచని రెట్ట, ఎదుగుదల లోపంతోనే సరిపెడుతుంది.

పెరటి గంప:

రెట్టను సూక్ష్మదర్శిని కింద చూశారండి. ఊసిస్ట్‌లు (రెట్టలో బయటపడే ఐమీరియా గుడ్ల వంటివి) అక్కడక్కడా ఉన్నాయని, పారుడుకు సరిపడినంత లేవని చెప్పారు. ఏలికపాముల గుడ్లు లేవు. కాలేయం నుండి తెల్లపారుడు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా పెరగలేదు. చనిపోయిన పిల్లను కోసి చూసినప్పుడు గ్రంథి జఠరం శుభ్రంగానే ఉన్నది. పేగు మాత్రం పాలిపోయి, గోడ పలచబడి, లోపల నురుగుతో కూడిన నీరు నిండి ఉన్నది. తీవ్రమైన కొక్కెర తెగులు కాకపోవచ్చునన్న ధైర్యం వచ్చింది. సీక్వెన్సింగ్‌కు అడుగుతాను.

కణజాలం:

నేను వ్యాధి నిర్ధారణలో కణజాల పరీక్ష వైపు పనిచేస్తాను. మీ ప్రశ్న అడిగిన తీరులోనే ఒక చిక్కు ఉన్నది. "ఈ మూడింటిలో ఏది" అన్నప్పుడు, కారణం ఆ మూడింటిలోనే ఉన్నదని ముందే ఒప్పుకున్నట్లయింది. దొంగతనం జరిగిన వీధిలో కనబడిన ప్రతివాడూ దొంగ కాడు. ఆస్ట్రోవైరస్, రోటావైరస్, రియోవైరస్, పార్వోవైరస్, అడినోవైరస్ వీటన్నింటినీ వేరువేరు దేశాలలో ఆరోగ్యంగా ఉన్న గుంపుల నుండి కూడా పీసీఆర్ ద్వారా పట్టుకున్నారు, అదీ ఒకే పక్షిలో రెండు మూడు కలిసి. ముఖ్యంగా ఆస్ట్రోవైరస్ చిన్న పిల్లలలో ఎంత విరివిగా ఉంటుందంటే, అది పాజిటివ్ వచ్చిందన్న వార్త ఒక్కటే వస్తే నేను దానిని పెద్దగా లెక్కలోకి తీసుకోను.

ఎదుగుదల లోపంతో కూడిన పారుడును బ్రాయిలర్లలో 1970ల చివరి నుండి వర్ణిస్తున్నారు. జబ్బుపడిన పిల్లల పేగు సారాన్ని బ్యాక్టీరియా లేకుండా వడగట్టి ఒక రోజు వయసు పిల్లలకు తాగిస్తే జబ్బు తిరిగి వస్తుంది. కాని అందులోని ఒక్కొక్క వైరస్‌ను వేరుచేసి విడిగా ఇచ్చినప్పుడు చాలాసార్లు తేలికపాటి పారుడు మాత్రమే వచ్చింది, కొన్నిసార్లు అదీ లేదు. అంటే ఒకే వైరస్‌కు నేరం అంటగట్టడం ఈ జబ్బులో మొదటి నుండీ కష్టమే.

అందుచేత నేను అడిగేది మూడు సంగతులు. జబ్బుపడిన పిల్లలలో ఆ వైరస్ ఆరోగ్యంగా ఉన్న అదే వయసు పిల్లలలో కంటే ఎక్కువ మోతాదులో ఉన్నదా? పేగు కణజాలంలో దెబ్బ ఉన్నదా? ఆ దెబ్బ తగిలిన కణాలలోనే ఆ వైరస్ ఉన్నదా? ఈ మూడింటికీ ఔనని జవాబు వస్తేనే కారణం అనే మాట వాడతాను. స్వాబ్ ఈ మూడు ప్రశ్నలలో మొదటి దానికి సగం జవాబు మాత్రమే ఇవ్వగలదు.

కణజాలంలో చూడవలసినవి చాలా స్పష్టంగా ఉంటాయి. రోటావైరస్ విల్లై (పేగు లోపలి పొర మీద వేళ్లలా లేచి ఉండే భాగాలు) కొసన ఉండే ముదురు కణాలను ఎంచుకుంటుంది, కనుక విల్లై పొట్టిబడి, మొండిగా, ఒకదానితో ఒకటి అతుక్కున్నట్లు కనబడతాయి. ఆ లోటు పూడ్చడానికి అడుగున ఉన్న క్రిప్ట్‌లు (కొత్త కణాలు పుట్టే గుంటలు) లోతుగా పెరుగుతాయి. ఎదుగుదల లోపపు జబ్బులో క్రిప్ట్‌లు ఉబ్బి, లోపల చచ్చిన కణాల ముక్కలతో సంచుల వలె కనబడటం ఎక్కువ. అడినోవైరస్ అయితే కణ కేంద్రకాలలోపల పెద్ద ముద్దలు తేలతాయి, వాటిని కాలేయంలో సులభంగా పట్టవచ్చు. క్లోమాన్ని కూడా మరువవద్దు. క్లోమం కుంచించుకుపోతే తిన్న గింజ అరగకుండా రావడానికి వేరే వివరణ దొరుకుతుంది.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. పేగు చచ్చిన వెంటనే కుళ్లడం మొదలుపెడుతుంది. ఉదయం చచ్చిపడి ఉన్న పిల్లను మధ్యాహ్నం కోస్తే విల్లై కొసలు అప్పటికే రాలిపోయి ఉంటాయి, అది వైరస్ పనా, కుళ్లు పనా అని ఎవ్వరూ చెప్పలేరు. జబ్బు మొదలై ఒకటి రెండు రోజులే అయిన పిల్లను వైద్యుడు నొప్పి లేకుండా చంపి, నిమిషాలలో పేగు ముక్కలను 10 శాతం బఫర్ కలిపిన ఫార్మలిన్‌లో వేయాలి.

బల్లమీద పీసీఆర్:

నివేదికలో "ఎ-వర్గం రోటావైరస్ నెగటివ్" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. కోళ్లలో రోటావైరస్ అంటే ఒక్క ఎ-వర్గమే కాదు. డి, ఎఫ్, జి వర్గాలు కూడా ఉన్నాయి. వీటిలో డి-వర్గం ముఖ్యంగా చిన్న పిల్లల పారుడులో తరచుగా కనబడుతుంది. ఎ-వర్గం కోసం రాసిన ప్రైమర్లు (పీసీఆర్‌లో వెదకవలసిన జన్యువుకు అంటుకునే చిన్న ముక్కలు) డి-వర్గాన్ని పట్టవు. పైగా మనుషుల, పశువుల ఎ-వర్గపు రోటావైరస్‌ల కోసం రూపొందించిన ప్రైమర్లనే కోళ్ల నమూనాలకు వాడితే, పక్షుల ఎ-వర్గపు జన్యువులు వాటితో బాగా తేడాగా ఉన్నందువల్ల ఉన్నదాన్ని కూడా లేదని చెప్పే ప్రమాదం ఉన్నది. కనుక మీ నివేదిక ప్రకారం మీ పిల్లలలో రోటావైరస్ లేదని అనలేము; రోటావైరస్‌ను ఇంకా పూర్తిగా వెదకలేదని మాత్రమే అనగలము. మనుషుల కోసం చేసిన రోటావైరస్ స్ట్రిప్ కిట్‌లకూ ఇదే పరిమితి వర్తిస్తుంది. అవి ఎ-వర్గపు వీపీ6 ప్రోటీన్‌ను పట్టుకునేవి, డి-వర్గానికి పనికిరావు.

రోటా, రియో రెండూ జంట పేటల ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు. ఆర్‌ఎన్‌ఏను నేరుగా రివర్స్ ట్రాన్‌స్క్రిప్షన్‌లో (పీసీఆర్‌కు ముందు ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే మెట్టులో) పెడితే పేటలు విడిపోక, ఎంజైమ్‌కు పట్టు దొరకదు. ముందుగా ప్రైమర్లతో కలిపి 95 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొద్ది నిమిషాలు వేడిచేసి, వెంటనే మంచులో పెట్టాలి. ఆస్ట్రోవైరస్‌కు ఒంటి పేట కనుక ఈ మెట్టు అవసరం లేదు. అన్ని వైరస్‌లకూ ఒకే పద్ధతి నడిపే చోట ఈ మెట్టును వదిలేస్తే ఆస్ట్రో చక్కగా పాజిటివ్ వస్తుంది, రోటా రియో నెగటివ్ వస్తాయి. మీ నివేదిక సరిగ్గా ఆ ఆకారంలోనే ఉన్నది కనుక అడిగి తెలుసుకోవడం మంచిది. నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు, ఈ రెండు ఫలితాల వెనుక పద్ధతి ఏమిటని ఒక వాక్యం అడగమంటున్నాను. పార్వో, అడినో డీఎన్‌ఏ వైరస్‌లు. వాటికి రివర్స్ ట్రాన్‌స్క్రిప్షనే అక్కరలేదు, పార్వోకు సాధారణంగా ఎన్‌ఎస్ జన్యువును వెదుకుతారు.

రెట్టలో పిత్త లవణాలు, పాలీశాకరైడ్‌లు పీసీఆర్ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. అందుకని ప్రతి నమూనాలోనూ ఒక అంతర్గత నియంత్రణ, అంటే పరీక్ష పనిచేసిందని చూపే తెలిసిన జన్యు ముక్క, నడపాలి. అది కూడా రాకపోతే ఆ నెగటివ్‌కు విలువ లేదు. సారాన్ని పదింతలు పలచన చేసి మళ్లీ నడిపితే తరచుగా అడ్డు తొలగుతుంది.

నమూనాలు కలపడం గురించి: అయిదు స్వాబ్‌లలో ఒక్కదానిలోనే వైరస్ ఉంటే, కలిపినప్పుడు అది అయిదో వంతుకు పలచనవుతుంది, సీటీ సుమారు 2.3 పెరుగుతుంది. ఉన్నదా లేదా అని చూడటానికి ఆ నష్టం భరించదగినదే. కాని ఏ పిల్లలో ఎంత ఉన్నదన్న సంగతి పూర్తిగా చెరిగిపోతుంది. కణజాలం గారు అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు కావాలంటే విడివిడిగా నడపక తప్పదు.

పరిశోధక విద్యార్థి:

బల్లమీద పీసీఆర్ గారూ, ఒక సందేహం. వర్గాలన్నింటికీ ప్రైమర్లు లేని ప్రయోగశాలలో రోటావైరస్‌ను పట్టడానికి వేరే మార్గం ఉన్నదా? ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని గాని, అన్ని వైరస్‌లనూ ఒకేసారి చదివే మెటాజీనోమిక్ సీక్వెన్సింగ్ గాని నేరుగా చేస్తే ఈ తికమక అంతా తప్పుతుంది కదా?

బల్లమీద పీసీఆర్:

ఉన్నదండి. ఇప్పుడు చాలామంది మరచిపోయిన పాత పద్ధతి, పాలీఅక్రిలమైడ్ జెల్ మీద ఆర్‌ఎన్‌ఏను పరుగెత్తించి వెండి నైట్రేట్‌తో రంగువేయడం. ప్రైమర్లతో పని లేదు. రోటావైరస్ జన్యురాశిలో 11 ముక్కలు ఉంటాయి, అవి జెల్ మీద గుంపులుగా ఆగుతాయి. క్షీరదాల ఎ-వర్గంలో ఆ గుంపులు 4, 2, 3, 2గా ఉంటే, పక్షుల ఎ-వర్గంలో 5, 1, 3, 2గా, డి-వర్గంలో 5, 2, 2, 2గా కనబడతాయి. రియోవైరస్‌లో 10 ముక్కలు పెద్దవి మూడు, మధ్యవి మూడు, చిన్నవి నాలుగుగా విడిపోతాయి. ఒకే జెల్ మీద రెండు వైరస్‌లూ, వర్గమూ కంటికి తెలిసిపోతాయి. దీని లోపం ఒక్కటే. వైరస్ చాలా ఎక్కువగా ఉన్నప్పుడే, అంటే జబ్బు తొలి రోజులలోనే పట్టుతుంది. ఒక విధంగా చూస్తే అది లోపం కూడా కాదు. జెల్ మీద కనబడేంత వైరస్ ఉన్నదంటే అది ఊరకే దారిన పోతున్నది కాదని నా అభిప్రాయం.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చక్రం వంటి రోటా కణాలను పోల్చుకోవడం సులువే గాని, దానికి మిల్లీలీటరుకు సుమారు 10 లక్షల కణాలు ఉండాలి. 30 నానోమీటర్ల లోపు ఉండే ఆస్ట్రో, పార్వో వంటి వాటిని ఆకారం బట్టి విడదీయడం అనుభవజ్ఞులకు కూడా నమ్మకంగా సాధ్యం కాదు.

కణజాలం:

మెటాజీనోమిక్స్ గురించి నేను చెబుతాను. ప్రైమర్ల బెడద లేకుండా ఏది ఉన్నా చదవగలగడం దాని బలం. నాటు కోళ్లలో ఇంతవరకు వర్ణించని రకాలు ఉండే అవకాశం ఉన్నందున పరిశోధనకు అది చాలా విలువైనది. అయితే పెరటి గంప గారికి ఇప్పుడు మూడు వైరస్‌ల జాబితా ఉన్నది, అప్పుడు పదిహేను వైరస్‌ల జాబితా వస్తుంది. పికోర్నా కుటుంబానికి చెందిన సిసినీ, మెగ్రీ వంటి వైరస్‌లు కోళ్ల పేగులలో మామూలుగానే దొరుకుతాయి. జాబితా పెరిగిన కొద్దీ కారణం దగ్గరపడదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల నమూనాలు పక్కన లేకుండా సీక్వెన్సింగ్ చేయిస్తే ఆ నివేదికను చదవడానికి కొలబద్దే ఉండదు.

గుంపు లెక్క:

చర్చ ఇంతవరకు నమూనా దేనితో పరీక్షించాలి అన్నదాని చుట్టూ తిరిగింది. ఎన్ని, ఎవరి నుండి అన్నది కూడా అంతే ముఖ్యమని నాకు తోస్తుంది, నాటు కోళ్లలో మరీను.

పెద్ద ఫారాలకు వాడే లెక్క ఇలా ఉంటుంది: గుంపులో 10 శాతం పక్షులకు వైరస్ ఉంటే, కనీసం ఒక్కదానినైనా పట్టామన్న నమ్మకం 95 శాతం ఉండాలంటే 29 పక్షులను పరీక్షించాలి, 5 శాతమే ఉంటే 59. ఈ అంకెలు వేల పక్షులున్న గుంపుకు చెల్లుతాయి. 20 పిల్లల నాటు గుంపులో ఇద్దరికే వైరస్ ఉన్నదనుకుందాం. అదే నమ్మకం కోసం అందులో 16 పిల్లలను పరీక్షించాలి. అంటే దాదాపు అందరినీ. నాలుగు స్వాబ్‌లు తీసి నెగటివ్ వచ్చిందని ఊరట చెందడం చిన్న గుంపులో మరింత తప్పుదారి పట్టిస్తుంది. అదృష్టవశాత్తు పేగు వైరస్‌లు పిల్లల మధ్య వేగంగా పాకుతాయి కనుక, జబ్బు నడుస్తున్నప్పుడు సోకినవారి శాతం సాధారణంగా ఇంతకంటే చాలా ఎక్కువగా ఉంటుంది, తక్కువ నమూనాలు సరిపోతాయి.

రెండో సంగతి పోలిక. బ్రాయిలర్లలో ఎదుగుదల లోపం గుర్తించడం సులభం, జాతికి వారాలవారీ ప్రామాణిక బరువు ఉంటుంది. నాటు కోళ్లకు అటువంటి పట్టిక లేదు, ఒకే పెట్ట పిల్లలలో కూడా తండ్రులు వేరుకావచ్చు, సహజంగానే ఎత్తుపల్లాలు ఉంటాయి. కనుక బరువు తగ్గిందని చెప్పడానికి పోలిక ఒకే పెట్ట కింద, ఒకే రోజు పొదిగిన తోబుట్టువులతోనే ఉండాలి. ప్రతి పెట్ట కింద నుండి ఒక జబ్బు పిల్ల, దాని పక్కనే ఆరోగ్యంగా ఉన్న ఒక పిల్ల, ఇలా జంటలుగా తీసుకుంటే వయసు, తల్లి, మేత, నేల అన్నీ సమానమవుతాయి. మిగిలిన తేడా వైరస్ మోతాదులో కనబడాలి. జబ్బు పిల్లలన్నీ ఒక పెట్టవీ, ఆరోగ్యమైనవన్నీ ఇంకొక పెట్టవీ అయితే ఆ పోలిక తల్లి ఇచ్చిన ప్రతిరక్షకాల తేడాను చూపుతుంది గాని వైరస్‌ను కాదు.

మెట్ట కోడి:

నేనూ నాటు కోళ్లే పెంచుతాను. పెద్దలందరి మాటలూ శ్రద్ధగా చదివాను. అయితే ఒక మాట అడగక తప్పదు. ఈ వైరస్‌లకు మందు లేదు, కోళ్ల రోటావైరస్‌కు టీకా లేదు. డి-వర్గమని తెలిసినా, ఆస్ట్రో అని తెలిసినా చేసేది వేడి, ఎలక్ట్రొలైట్ నీళ్లు, పొడి లిట్టర్ (నేల మీద పరిచే పొట్టు) ఇవ్వడమే. అటువంటప్పుడు పిల్లలను చంపి, పేగులు కోసి, ఇంత శ్రమ పడటం ఎందుకు? రక్త పరీక్షతో ఎలిసా చేయిస్తే సరిపోదా?

పక్షివైద్యం:

మీ ప్రశ్న న్యాయమైనది, మెట్ట కోడి గారూ. ఒకే ఒక్కసారి, ఒకే ఒక్క విడతలో వచ్చి పోయిన పారుడుకు ఇంత అవసరం లేదని నేనూ ఒప్పుకుంటాను. కొక్కెర తెగులు, గంబోరో (బర్సా అనే రోగనిరోధక గ్రంథిని దెబ్బతీసే వైరస్ జబ్బు), రక్తపారుడు లేవని తేల్చుకుని వదిలేయవచ్చు. విడత తరువాత విడతలో అదే వయసుకు తిరిగి వస్తున్నప్పుడు మాత్రం వైరస్ పేరు తెలియడం వల్ల చేసే పని మారుతుంది.

ఆస్ట్రో, రియో, అడినో వైరస్‌లు తల్లి నుండి గుడ్డు ద్వారా పిల్లకు రాగలవు. రోటా ప్రధానంగా రెట్ట ద్వారా, నేల ద్వారా పాకుతుంది. మొదటి రకమైతే ఏ పెట్ట గుడ్లను పొదిగించాలన్న ఆలోచన రావాలి, గుడ్లు పెట్టడం కొత్తగా మొదలుపెట్టిన పెట్టల మీద కన్నువేయాలి. రెండో రకమైతే పెట్టలను మార్చినా ఉపయోగం లేదు, పిల్లలను పొదిగే చోటును విడతకూ విడతకూ మధ్య ఖాళీగా ఉంచి, లిట్టర్ మొత్తం తీసేసి కడగాలి. ఈ వైరస్‌లలో దేనికీ కొవ్వు పొర లేదు, అందుచేత క్వాటర్నరీ అమ్మోనియం మందులు ఒక్కటే చల్లితే లాభం స్వల్పం. రెట్ట పూర్తిగా గీకి, సబ్బుతో కడిగి, ఆరిన తరువాత బ్లీచింగ్ ద్రావణం గాని పెరాసిటిక్ ఆమ్లం గాని వాడాలి. మురికి మీద పోసిన బ్లీచింగ్ మురికితోనే ఖర్చయిపోతుంది. ఆస్ట్రోవైరస్‌లో కొన్ని రకాలు మూత్రపిండాలను పాడుచేసి అవయవాల మీద యూరేట్ పేరుకునేలా చేస్తాయి కనుక, అదే తేలితే మూత్రపిండాలకు భారమయ్యే మందులు మానవలసి ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, వైరస్ అని తేలితే యాంటీబయాటిక్‌ను గుడ్డిగా నీటిలో కలపడం ఆగుతుంది.

ఎలిసా సంగతి. అది ప్రతిరక్షకాలను చూపుతుంది, అంటే ఎప్పుడో సోకిందని. నేల మీద తిరిగే పెద్ద నాటు కోళ్లలో రియో, ఆస్ట్రోలకు ప్రతిరక్షకాలు ఉండటంలో వింత లేదు. రెండు మూడు వారాల పిల్లలో కనబడినవి తల్లి నుండి వచ్చినవి కూడా కావచ్చు. జబ్బు మొదట్లో ఒకసారి, రెండు మూడు వారాల తరువాత మరొకసారి అవే పక్షుల రక్తం తీసి, మోతాదు పెరిగిందని చూపగలిగితేనే దానికి అర్థం ఉంటుంది. పెట్టల రక్తం పరీక్షిస్తే మాత్రం ఒక ప్రయోజనం ఉన్నది: ఏ పెట్ట పిల్లలకు రక్షణ తక్కువగా అందుతున్నదో అంచనా వేయవచ్చు.

మెట్ట కోడి:

పెట్టలను మార్చాలా, నేలను కడగాలా అన్న తేడా దగ్గర నాకు సమాధానం దొరికింది. నా దగ్గర వచ్చే పారుడు ఎప్పుడూ ఒకే మూల పొదిగిన పిల్లలలోనే వస్తుంది, పెట్ట ఏదైనా సరే. పరీక్ష కంటే ముందు ఆ మూలను ఖాళీ చేస్తాను.

పరిశోధక విద్యార్థి:

చివరిగా ఒకటి. గుడ్లలోకి ఎక్కించి వైరస్‌ను పెంచడం, ఎల్‌ఎంహెచ్ కణాలలో పెంచడం వంటివి ఇంకా అవసరమా, లేక పీసీఆర్ వచ్చాక పక్కకు పోయాయా?

కణజాలం:

రోజువారీ నిర్ధారణకు అక్కరలేదు. కాని కారణమని రుజువు చేయాలంటే, అంటే వేరుచేసిన వైరస్‌ను వ్యాధికారకాలు లేని పిల్లలకు ఇచ్చి జబ్బు తిరిగి తెప్పించాలంటే, బతికి ఉన్న వైరస్ చేతిలో ఉండాలి, పీసీఆర్ దానిని ఇవ్వలేదు. అడినో, రియో, ఆస్ట్రో కోడి కాలేయ కణాల ఎల్‌ఎంహెచ్ లైన్‌లో పెరుగుతాయి. ఎ-వర్గపు రోటాకు కోతి మూత్రపిండపు ఎంఏ104 కణాలూ ట్రిప్సినూ కావాలి. డి-వర్గం కణాలలో పెరగడానికి మొరాయిస్తుంది. పార్వోను 1984లోనే పారుడు పిల్లల నుండి వర్ణించినా, దాని మీద పని నెమ్మదిగా సాగడానికి అది ప్రయోగశాలలో సులభంగా పెరగకపోవడం కూడా ఒక కారణం. అందుకని పార్వో విషయంలో ఎవరైనా ఖాయంగా మాట్లాడితే నేను కొంచెం అనుమానిస్తాను.

పెరటి గంప:

అందరికీ కృతజ్ఞతలు. మా వైద్యునితో మాట్లాడి ఇలా అనుకున్నాము. కొత్తగా పారుడు పట్టిన పిల్లలను, వాటి పక్కనున్న ఆరోగ్యమైన తోబుట్టువులను జంటలుగా తీసుకుని స్వాబ్‌లను విడివిడిగా పంపుతాము. డి-వర్గపు రోటాకు పరీక్ష ఉన్నదా, లేకపోతే జెల్ మీద చూడగలరా అని ముందే అడుగుతాము. న్యూకాజిల్‌కు ఎఫ్ జన్యువు సీక్వెన్సింగ్ కోరుతాము. జబ్బు కొత్తగా మొదలైన ఒకటి రెండు పిల్లల నుండి డువోడినం, నడి పేగు, చివరి పేగు, క్లోమం, గ్రంథి జఠరం, బర్సా, కాలేయం, మూత్రపిండం ముక్కలను తీసి ఫార్మలిన్‌లో వేస్తాము. ప్రయోగశాల దూరం కనుక అన్నింటినీ ఒకే మంచు పెట్టెలో పెట్టి పంపవచ్చునా?

బల్లమీద పీసీఆర్:

వద్దండి. ఫార్మలిన్ సీసాలను గడ్డకట్టనివ్వకూడదు, మంచు స్ఫటికాలు కణజాలాన్ని చీల్చి సూక్ష్మదర్శిని కింద పనికిరాకుండా చేస్తాయి. వాటిని మామూలు ఉష్ణోగ్రతలో, ముక్కకు పది రెట్లు ఫార్మలిన్ ఉండేలా, వేరే పెట్టెలో పంపండి. పేగును పొడవున కొద్దిగా చీల్చండి లేదా లోపలికి ఫార్మలిన్ ఎక్కించండి, లేకపోతే ద్రవం లోపలి పొరను చేరేలోపు అది కుళ్లుతుంది. స్వాబ్‌లు వైరస్ రవాణా ద్రవంలో, 2 నుండి 8 డిగ్రీల మధ్య, తీసిన మరుసటి రోజుకైనా చేరాలి. అంత త్వరగా చేరే వీలు లేకపోతే రసాయనం అద్దిన ఎఫ్‌టీఏ కార్డు మీద రెట్ట సారాన్ని పూసి ఆరబెట్టి పంపవచ్చు. అందులో జన్యు పదార్థం మామూలు ఉష్ణోగ్రతలో నిలుస్తుంది, వైరస్ చచ్చిపోతుంది కనుక రవాణా కూడా సురక్షితం, కాకపోతే దాని నుండి వైరస్‌ను పెంచడం కుదరదు. స్వాబ్ పుల్ల చెక్కది కాకూడదు, దూది కాల్షియం ఆల్జినేట్‌ది కాకూడదు, ఈ రెండూ పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. ప్లాస్టిక్ పుల్లకు డాక్రాన్ గాని నైలాన్ గాని చుట్టినవి తీసుకోండి. ప్రతి గొట్టం మీద పెట్ట గుర్తు, పిల్ల గుర్తు, వయసు, టీకా వేసిన తేదీ, జబ్బుదా ఆరోగ్యమైనదా అన్నది చెరగని సిరాతో రాయండి. టీకా తేదీ లేకుండా వస్తే న్యూకాజిల్ ఫలితం పక్కన మేము మళ్లీ ఒక సీటీ అంకె మాత్రమే రాయగలుగుతాము.